పులసకి అమెరికాలో చుట్టం

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్తగా చెప్పక్కరలేదు. ఏటా వరదల రోజుల్లో యానాం వేలంపాటలో ఒక్క పులస ఎన్ని వేలు పలికిందో ఫొటోతో సహా మన ఫోనుల్లోకి వచ్చి వాలుతుంది. న్యూజెర్సీలోని మా మిత్రబృందంలో ఆ ఫొటో చుట్టూ రెండు రోజులు చర్చ నడుస్తుంది. పులుసులో బెండకాయలు వెయ్యాలా, వద్దా? మర్నాటికి రుచి ఎందుకు పెరుగుతుంది? మట్టి దాకలో వండితేనే పులుసా? ఈ చర్చల్లో కూర గురించి మాట్లాడినంతగా చేప గురించి ఎవరూ మాట్లాడరు. అదెక్కడ పుడుతుంది, ఎందుకు ఏటికి ఎదురీదుతుంది, ఏటేటా ఎందుకు అరుదైపోతోంది అన్న ప్రశ్నలు అలాగే ఉండిపోతాయి.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలకి జవాబులు చెప్పే ప్రయత్నం చేస్తాను. పులసకి దగ్గర చుట్టం ఒకటి, నేనుంటున్న న్యూజెర్సీ పక్కనించి పారే డెలావేర్ నదిలో ఉంది. ఆ చుట్టానికి గత నూరేళ్ళలో వచ్చిన కష్టాలూ, తీరిన కష్టాలూ తెలుసుకుంటే మన పులసకి ఏం కావాలో తేలిగ్గా బోధపడుతుంది. అందుకని రెండు కథలూ కలిపి చెబుతాను.

పులస ఎక్కడిది?

ముందుగా ఒక అపోహ తొలగించాలి. పులస ఆస్ట్రేలియా నించో, న్యూజిలాండ్ నించో వేల మైళ్ళు ఈదుకుంటూ గోదావరికి వస్తుందని మన పత్రికల్లోనూ టీవీల్లోనూ తరచు చెబుతూ ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది కాని అది నిజం కాదు. ఇది మన బంగాళాఖాతం చేపే. పడమట పర్షియా సింధుశాఖ నించి తూర్పున బర్మా తీరం దాకా దీని నివాసం. శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలిషా. గంగానదిలోని చేపల గురించి రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హేమిల్టన్ 1822లో దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. మన కవళ్ళు, పాశ్చాత్యుల హెర్రింగ్ వంటి చేపలు దీనికి జ్ఞాతులు.

బెంగాలీలు దీన్నే ఇలిష్ అంటారు. సింధ్‌లో పల్లా. కువైట్‌లోనూ ఇరాక్‌లోనూ సుబూర్. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్ళు చేపల బజారులో సుబూర్ అని చూసి దాటిపోతూ ఉంటే, ఈసారి ఆగి చూడండి. అది షట్ అల్ అరబ్ నదిలోకి ఎదురెక్కే మన పులస జాతి చేపే.

మనవాళ్ళు ఈ ఒక్క చేపకి రెండు పేర్లు పెట్టారు. సముద్రంలో ఉన్నంతసేపూ విలస, గోదావరిలో ప్రవేశించి మంచినీళ్ళు తాగాక పులస. జీవశాస్త్రం ప్రకారం రెండూ ఒకటే జాతి. కాని పేరు మార్చడంలో గొప్ప పరిశీలన ఉంది. ఎందుకంటే నదిలో ప్రవేశించిన చేప ఒంట్లో నిజంగానే పెద్ద మార్పు జరుగుతుంది.

ఉప్పు నించి తీపికి

మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది. ముక్కలోని నీరు బయటి ఉప్పు వైపుకి లాగబడుతుంది. అదే ఎండు ద్రాక్షని మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. బయటి నీరు లోపలికి పోతుంది. చేప పరిస్థితీ ఇంతే. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. చేప రక్తంలో ఉండేది అందులో మూడోవంతు మాత్రమే. అంటే సముద్రంలో ఉన్న చేప మామిడి ముక్కలాగ నీటిని కోల్పోతూ ఉంటుంది. నదిలోకి వస్తే ఎండు ద్రాక్షలాగ నీటితో ఉబ్బిపోయే ప్రమాదం.

సముద్రంలో ఉన్నప్పుడు ఈ చేప అదేపనిగా నీళ్ళు తాగుతుంది. వాటితో వచ్చిన ఉప్పుని మొప్పల్లో ఉండే ప్రత్యేకమైన జీవకణాలు బయటికి తోడేస్తాయి. నదిలోకి వచ్చాక అంతా తలకిందులు. నీళ్ళు తాగడం మానేస్తుంది. మూత్రపిండాలు పలచని మూత్రాన్ని పెద్ద ఎత్తున బయటికి పంపుతాయి. మొప్పలు ఇప్పుడు నీటిలోని కాస్తో కూస్తో ఉప్పుని లోపలికి లాగుతాయి. తోడే యంత్రం ఉన్నచోటే ఉండి దిశ మార్చుకుందన్నమాట. చాలా చేపలకి ఈ విద్య రాదు. సముద్రపు చేపని చెరువులో వేస్తే చచ్చిపోతుంది, చెరువు చేపని సముద్రంలో వేసినా అంతే.

ఇంత శ్రమ ఎందుకు? పిల్లల కోసం. గుడ్లనీ పిల్లలనీ తినే జీవులు సముద్రంలో మరీ ఎక్కువ. వరద నదిలో నీళ్ళు బురదగా ఉండి దాక్కోడానికి వీలుంటుంది, పిల్లలకి కావలసిన సూక్ష్మజీవుల ఆహారం సమృద్ధిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలతో గోదావరిలో ఎర్రనీరు వచ్చి సముద్రంలో కలిసేసరికి, ఆ తియ్యటి బురదనీటి జాడ పట్టుకుని చేపలు నదీముఖాల్లోకి వస్తాయి. జూలై నించి సెప్టెంబరు దాకా అదే వరస. ఒక్కో ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. అవి పారే నీటిలో తేలుతూ కొట్టుకుపోతూనే సుమారు ఒక రోజులో పిల్లలవుతాయి. ఆ పిల్లలు కొన్ని నెలలు నదిలోనూ నదీముఖంలోనూ పెరిగి, వేలెడు, జానెడు అయ్యాక సముద్రానికి పోతాయి. ఒకటి రెండేళ్ళకి పెద్దవై మళ్ళీ నది ఎక్కుతాయి.

చేప నిజంగా ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. చేప చెవిలో చిన్న సున్నపురాయి ఒకటి ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లాగ ఈ రాయిలో పొరలు పేరుకుంటాయి. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే ధాతువు ఎక్కువ, మంచినీటిలో సాధారణంగా తక్కువ. రాయిని పలచగా అరగదీసి, ఏ పొరలో స్ట్రాన్షియం ఎంతుందో లేజరుతో కొలిస్తే, ఈ చేప ఏ వయసులో ఉప్పునీటిలో ఉంది, ఏ వయసులో మంచినీటిలో ఉంది అన్నది జాతకచక్రంలా చదవవచ్చు. ఇలిష్ మీద కూడా ఈ పద్ధతి ప్రయోగించారు.

ఇక రుచి సంగతి. నది ఎక్కే ముందు ఈ చేప ఒంటినిండా కొవ్వు కూడబెట్టుకుంటుంది. ప్రయాణంలో తిండి బాగా తగ్గించేస్తుంది కనుక ఆ కొవ్వే దానికి దారిబత్తెం. మనం లొట్టలు వేసుకుంటూ తినేది ఆ దారిబత్తేన్నీ, పెట్టబోయే గుడ్లనీ. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

డెలావేర్ నదిలో చుట్టం

అమెరికా తూర్పు తీరంలో, కెనడా నించి ఫ్లారిడా దాకా, షాడ్ అనే చేప ఉంది. దీని శాస్త్రీయ నామం అలోసా సాపిడిస్సిమా. లేటిన్ భాషలో సాపిడిస్సిమా అంటే మిక్కిలి రుచికరమైనది అని అర్థం. చూడ్డానికి అచ్చు పులసే. అదే వెండి రంగు, అదే కత్తిలాంటి పొట్ట అంచు, నోట్లో వేసుకుంటే అవే లెక్కలేనన్ని సన్నటి ముళ్ళు. ఇలిష్ దొరకని రోజుల్లో ఇక్కడి బెంగాలీలు షాడ్ తెచ్చి ఆవపిండితో వండుకుంటారు. మనవాళ్ళు చింతపండు పులుసు పెట్టినా బాగానే ఉంటుందని నా అనుభవం. పులస అనుకుని తింటే కాదు, షాడ్ అనుకుని తింటే!

జీవితచక్రం కూడా అదే. సముద్రంలో పెరిగి, నాలుగయిదేళ్ళ వయసులో తాను పుట్టిన నదికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది. తేడా ఒకటే. మన పులసకి పిలుపు రుతుపవనాల వరద, దీనికి పిలుపు వసంతంలో వెచ్చబడే నీరు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక్క డెలావేర్‌లోనే ఏటా కోటి పౌన్లకి పైగా షాడ్ పట్టేవారు. తరవాత పట్టు పడిపోయింది. విచిత్రమేమిటంటే డెలావేర్ ప్రధాన పాయ మీద అడ్డంగా ఒక్క ఆనకట్టా లేదు. మిసిసిపీకి తూర్పున ఆనకట్టలు లేని నదుల్లో ఇదే అన్నిటికంటే పొడుగైనది. మరి గోడ లేకుండా దారి ఎలా మూసుకుపోయింది? మురుగునీటి వల్ల. ఫిలడెల్ఫియా, కేమ్‌డెన్ ఊళ్ళ మురుగూ, కర్మాగారాల వ్యర్థాలూ నదిలో కలిసేవి. వాటిని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా వాడేసేవి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి వెచ్చటి నెలల్లో ఆ ఊళ్ళ దగ్గర ప్రాణవాయువు దాదాపు సున్నాకి దిగిపోయేది. వసంతంలో ముందుగా వచ్చిన చేపలు ఎలాగో దాటిపోయినా, ఆలస్యంగా వచ్చినవీ, గుడ్లు పెట్టి తిరిగి వెళ్ళేవీ, సముద్రానికి పోయే పిల్లలూ ఆ ఊపిరాడని నీళ్ళలో చచ్చిపోయేవి. కంటికి కనిపించని ఆనకట్ట అది.

1961లో నాలుగు రాష్ట్రాలూ, కేంద్ర ప్రభుత్వమూ కలిసి డెలావేర్ నదీ పరీవాహక సంఘాన్ని ఏర్పాటు చేశాయి. 1972లో దేశమంతటికీ వర్తించే స్వచ్ఛజల చట్టం వచ్చింది. ఊళ్ళన్నీ మురుగు శుద్ధి కేంద్రాలు కట్టుకున్నాయి. ప్రాణవాయువు పెరిగింది, షాడ్ తిరిగొచ్చింది. 1980ల తొలినాళ్ళలో న్యూజెర్సీలోని లాంబర్ట్‌విల్ అనే చిన్న ఊళ్ళో షాడ్ ఉత్సవం మొదలైందంటే ఆ సంతోషంలోనే.

గోడ కట్టిన నదులు

పక్కనే ఉన్న సస్క్వెహానా నది కథ వేరు. దాని మీద 1928లో కోనోవింగో అనే జలవిద్యుత్ ఆనకట్ట కట్టారు. పైన మరో మూడు ఉన్నాయి. చేపలని తొట్టిలోకి పట్టి, ఎత్తి, అవతల పోసే లిఫ్టులు తరవాత పెట్టారు. 2001లో కోనోవింగో లిఫ్టు ఎక్కిన షాడ్ సుమారు 1,93,000. ఆ తరవాత సంఖ్య తరిగిపోతూ కొన్ని వేలకి దిగిపోయింది. కింది లిఫ్టు ఎక్కిన చేపల్లో నాలుగో ఆనకట్ట కూడా దాటినవి చాలా కొద్ది. ఎక్కినవాటి పిల్లలు మళ్ళీ నాలుగు ఆనకట్టలు దిగాలి కదా!

అలాగని నిచ్చెనలు ఎక్కడా పని చెయ్యవని అనలేం. 1871లో సెత్ గ్రీన్ అనే ఆయన షాడ్ పిల్లలని రైల్లో కేలిఫోర్నియా తీసుకెళ్ళి శాక్రమెంటో నదిలో వదిలాడు. వాటి సంతతి పడమటి తీరమంతా వ్యాపించింది. కొలంబియా నదిలో బానవిల్ ఆనకట్ట నిచ్చెనల మీదుగా 2019లో 70 లక్షలకి పైగా షాడ్ ఎక్కాయి. అక్కడ అది పరాయి చేప. అయినా విశాలమైన నిచ్చెన, దండిగా నీరు ఉంటే ఎక్కగలనని చూపించింది. సొంత నదిలో దిక్కులేక, పరాయి నదిలో పండగ చేసుకుంటోంది.

నిచ్చెన కంటె మేలైన పద్ధతి, పనికిరాని గోడని తీసెయ్యడం. మెయిన్ రాష్ట్రంలో కెనెబెక్ నది మీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్టని 1999లో పగలగొట్టారు. షాడ్‌కి చిన్న చెల్లెళ్ళలాంటి ఏల్‌వైఫ్ చేపలు లక్షల్లో పైకి వెళ్ళడం మొదలుపెట్టాయి. మా న్యూజెర్సీలోనే, డెలావేర్‌లో కలిసే మస్కనెట్‌కాంగ్ అనే చిన్న నది మీద హ్యూజ్‌విల్ ఆనకట్టని 2016లో తీసేస్తే, మరుసటి వసంతానికే అక్కడ షాడ్ కనిపించింది. తలుపు ఎప్పుడు తీస్తారా అని గుమ్మం దగ్గరే కాచుకున్నట్టు.

ఈ కథకి సుఖాంతం రాయడానికి మాత్రం తొందరపడకూడదు. మొత్తం తూర్పు తీరాన్ని పరిశీలించి 2020లో విడుదల చేసిన అంచనా, షాడ్ ఇంకా తరిగిపోయిన స్థితిలోనే ఉందని తేల్చింది. ఒక తలుపు తీసినంత మాత్రాన ఇల్లు నిండదు.

గోదావరి దగ్గరికి వస్తే

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కరువుతో అల్లాడిన డెల్టాకి అన్నం పెట్టింది ఆ ఆనకట్టే. దాని స్థానంలో ఇప్పుడున్న గేట్ల బేరేజీకి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ అన్నం తిని పెరిగిన వాళ్ళెవరూ దాన్ని పగలగొట్టమని అనరు, నేనూ అనను. కాని చేప వైపు నించి చూస్తే అదొక గోడ. పెద్ద వరదకి గేట్లు ఎత్తినప్పుడు కొన్ని పైకి దాటిపోవచ్చు. మిగిలినవాటికి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో, సముద్రానికీ బేరేజీకీ మధ్య ఉన్న జాగాయే గతి. వలలన్నీ ఆ జాగాలోనే ఉంటాయి.

గోడ ఎంత పని చెయ్యగలదో తెలుసుకోడానికి గంగ వైపు చూడండి. ఒకప్పుడు ఇలిష్ అలహాబాదు దాటి పోయేది. 1975లో ఫరక్కా బేరేజీ మొదలయ్యాక ఎగువ గంగలో ఆ వేట కుప్పకూలింది. ఈ మధ్య కేంద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు ఇలిష్‌ని పట్టి, గుర్తు బిళ్ళలు తగిలించి, ఫరక్కా ఎగువన వదిలే పని పెట్టుకున్నారు.

పోలవరం స్పిల్‌వేలో చేపల నిచ్చెన పెట్టారు. మంచి ఆలోచనే. అయితే ఒక చిన్న చిక్కు. పోలవరం ఎగువన, ధవళేశ్వరం దిగువన. మేడ మీద ఎంత అందమైన మెట్లు కట్టినా, వీధి గుమ్మం మూసి ఉంటే చుట్టం లోపలికి ఎలా వస్తుంది? కింద ధవళేశ్వరం దాటిన చేపకే పైన నిచ్చెన పనికొస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో కొన్ని గేట్లని చేప ఎక్కడానికి అనువుగా తెరిచి ఉంచడం, పక్కనించి వంపు తిరిగిన కాలువ తవ్వడం వంటి ఉపాయాలు ఇంజనీర్లూ, జీవశాస్త్రవేత్తలూ కలిసి కూర్చుని తేల్చవలసినవి.

రెండవది వల. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నించి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఎన్నో చేపలకి అది మేలు చేస్తుంది. పులస గుడ్లు పెట్టడానికి నది ఎక్కేది మాత్రం ఆ నిషేధం ముగిసిన తరవాత! కడుపుతో పుట్టింటికి బయలుదేరిన పిల్లకి సరిగ్గా గుమ్మంలో వల పన్నుతున్నాం. జన ఉన్న చేపకి ఎక్కువ ధర కూడా ఇస్తున్నాం. ఒక్క ఆడచేప గుడ్లతో పోతే లక్షల పిల్లలకి అవకాశం పోయినట్టే. పెద్దవయ్యేవి అందులో గుప్పెడే కావచ్చు, కాని రేపటి పులస రావాలంటే ఆ గుప్పెడులోంచే రావాలి.

ఈ విషయంలో దారి చూపించింది బంగ్లాదేశ్. అక్కడ ఇలిష్ జాతీయ చేప. గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట పూర్తిగా ఆపుతారు. నవంబరు నించి జూన్ వరకు 25 సెంటీమీటర్ల లోపు పిల్లలని పట్టడం నేరం. నదుల్లో కొన్ని భాగాలని అభయారణ్యాల్లాగ కేటాయించారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వేట ఆపిన రోజులకి మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2000ల మొదట్లో ఏటా 2 లక్షల టన్నుల దగ్గర ఉన్న పట్టు తరవాతి రెండు దశాబ్దాల్లో 5 లక్షల టన్నులు దాటింది. ఇటీవల కొంత తగ్గింది, ఇచ్చే బియ్యం చాలదన్న ఫిర్యాదులూ ఉన్నాయి. అయినా, ఆకలితో ఉన్నవాడిని వల దించమంటే దించడు, వాడి కంచం సంగతి చూసి అడిగితే వింటాడు అన్న పాఠం మనకి పనికొచ్చేదే.

నా ఉద్దేశంలో గోదావరికి కావలసింది కూడా ఇలాంటి విరామమే. వరద ముమ్మరంగా ఉన్న రోజుల్లో రెండు మూడు వారాలు నదీముఖాల్లో వలలు ఎత్తెయ్యాలి. ఆ రోజుల కూలి మత్స్యకారులకి ముందుగానే చేతిలో పెట్టాలి. ఆ రోజులు ఏవో పంచాంగం చూసి కాకుండా, నీటి లెక్కలూ చేపల లెక్కలూ చూసి శాస్త్రవేత్తలు నిర్ణయించాలి.

మన వంతు

దూరాన ఉన్నవాళ్ళం మనమేం చెయ్యగలం అనుకోకండి. పులస ధర ఆకాశాన్ని అంటడంలో మన డాలర్లకీ దీనార్లకీ వాటా ఉంది. ఊరెళ్ళినప్పుడు ఎంతైనా పరవాలేదు, జన ఉన్నదే కావాలి అని చెప్పేది మనమే. పులుసు వండించి విమానంలో తెప్పించుకునేదీ మనమే. ఈసారి వెళ్ళినప్పుడు జన ఉన్న చేప వద్దని ఒక్క మాట చెప్పి చూడండి. పిల్ల విలసలని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. పైగా పులస పేరుతో అమ్మేవాటిలో ఒడిశా నించి మంచుపెట్టెల్లో వచ్చిన సముద్రపు విలసలు కూడా ఉంటాయి కనుక, అంత ధర పోసినా మీరు తిన్నది గోదావరి చేపో కాదో చెప్పలేం.

పోర్ట్‌లండ్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళు అదృష్టవంతులు. లైసెన్సు తీసుకుని కొలంబియాలో షాడ్ పట్టుకుని మనసారా పులుసు పెట్టుకోవచ్చు, అక్కడ ఆ చేపకి కొదవ లేదు. డెలావేర్ ఒడ్డున ఉన్న నాలాంటివాళ్ళం మాత్రం ఎన్ని పట్టవచ్చో నియమాలు చూసుకుని, పట్టినదాన్ని చాలావరకు నీళ్ళలోకే వదిలెయ్యడం మేలు.

పుస్తెలమ్మి పులస తినాలన్న సామెత, చేప దండిగా ఉన్న రోజుల్లో సరదాగా పుట్టి ఉంటుంది. ఇప్పుడు మనం అమ్ముకుంటున్నది రేపటి పులసని. డెలావేర్ నదిని బాగుచెయ్యడానికి ఒక తరం పట్టింది. గోదావరి నీళ్ళు ఇంకా పారుతున్నాయి, చేప ఇంకా వస్తోంది, దాని కాలం దానికి తెలుసు. ఆ రెండు మూడు వారాలు దారి వదలడం మన చేతుల్లోనే ఉంది.